జార్జ్ మల్లొరీ

జార్జ్ హెర్బర్ట్ లీ మల్లొరీ (జూన్ 18, 1886 - జూన్ 1924) ప్రసిద్ధి చెందిన ఆంగ్ల పర్వతారోహకుడు, ఉపాధ్యాయుడు. 1921, 1922, 1924 సంవత్సరాలలో బ్రిటిష్ వారు ఎవరెస్ట్ శిఖరానికి పంపిన మొదటి మూడు యాత్రలలోనూ పాల్గొన్న ఏకైక ఆరోహకుడు ఇతడే. 1924 జూన్ 8న ఇతడు సహచరుడు ఆండ్రూ ఇర్విన్‌తో కలసి శిఖరం వైపు వెళ్ళి తిరిగి రాలేదు. వీరు శిఖరాన్ని చేరిన తరువాత మరణించారా, చేరకముందే మరణించారా అన్నది నేటికీ తేలలేదు.

మల్లొరీ పేరు చెప్పగానే ఈ అంతుచిక్కని మరణమే అందరికీ గుర్తుకు వస్తుంది. అయితే ఇతని జీవితంలో అంతకు తక్కువ కాని మరొక ఘట్టం ఉన్నది. 1922 జూన్ 7న, కొత్తగా మంచు కురిసిన వాలుపై ఇతని నాయకత్వంలో సాగిన ప్రయత్నంలో మంచుచరియ విరిగిపడి ఏడుగురు కూలీలు మరణించారు. ఎవరెస్ట్‌ను అధిరోహించే ప్రయత్నంలో నమోదైన తొలి మరణాలు ఇవే. తుఫాను వెలిసిన తరువాత మంచు ఎంత ప్రమాదకరమో తెలిపే ఉదాహరణగా ఈ దుర్ఘటన పర్వతారోహణ చరిత్రలో నిలిచిపోయింది.

బాల్యం, విద్యాభ్యాసం

మల్లొరీ ఇంగ్లాండులోని చెషైర్ ప్రాంతానికి చెందిన మాబర్లీ గ్రామంలో జన్మించాడు. తండ్రి హెర్బర్ట్ లీ మల్లొరీ చర్చి మతాధికారి. జార్జ్‌కు ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒక తమ్ముడు. తమ్ముడు ట్రాఫర్డ్ లీ-మల్లొరీ తరువాతి కాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో ఉన్నత పదవిని పొంది, రెండవ ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్నాడు. జార్జ్‌కు చిన్ననాటి నుండే గోడలు, చెట్లు, చర్చి పైకప్పు వంటివి ఎక్కే అలవాటు ఉండేది.

1900లో గణితంలో ఉపకారవేతనం పొంది వించెస్టర్ కళాశాల పాఠశాలలో చేరాడు. అక్కడి ఉపాధ్యాయుడు ఇర్వింగ్ పర్వతారోహకుడు. అతడు 1904లో మల్లొరీని ఆల్ప్స్ పర్వతాలకు తీసుకువెళ్ళాడు. మంచు, రాతి కొండలు ఎక్కడంలో మల్లొరీకి తొలి శిక్షణ అక్కడే లభించింది. 1905లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని మాగ్డలీన్ కళాశాలలో చేరి చరిత్ర చదివాడు. జేమ్స్ బాస్వెల్‌పై ఇతడు రచించిన పుస్తకం 1912లో వెలువడింది. ఈ కాలంలోనే జెఫ్రీ విన్‌త్రాప్ యంగ్ అనే ప్రముఖ ఆరోహకునితో స్నేహం ఏర్పడి, వేల్స్ కొండలలో తరచు ఆరోహణలు చేసేవాడు. 

ఉద్యోగం, వివాహం, యుద్ధం

మల్లొరీ 1910లో చార్టర్‌హౌస్ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. తరువాతి కాలంలో కవిగా, రచయితగా ప్రసిద్ధుడైన రాబర్ట్ గ్రేవ్స్ అక్కడ ఇతని శిష్యుడు. 1914 జూలై 29న, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన రోజులలో, రూత్ టర్నర్‌తో ఇతని వివాహం జరిగింది. వీరికి క్లేర్, బెరిడ్జ్ అనే ఇద్దరు కుమార్తెలు, జాన్ అనే కుమారుడు కలిగారు. యుద్ధంలో ఇతడు ఫిరంగి దళ అధికారిగా ఫ్రాన్స్‌లో పనిచేసి, సోమ్ పోరాటంలో పాల్గొన్నాడు. యుద్ధానంతరం తిరిగి పాఠశాలకు వచ్చినా, 1921లో ఎవరెస్ట్ యాత్రకు పిలుపు రావడంతో ఆ ఉద్యోగాన్ని వదులుకున్నాడు.

1921 అన్వేషణ యాత్ర

ఆ కాలంలో నేపాల్ విదేశీయులకు అనుమతి ఇచ్చేది కాదు. కనుక మొదటి యాత్రలన్నీ డార్జిలింగ్ నుండి బయలుదేరి, సిక్కిం మీదుగా టిబెట్‌లో ప్రవేశించి, ఎవరెస్ట్‌ను ఉత్తర దిశ నుండి సమీపించాయి. రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ, ఆల్పైన్ క్లబ్ కలసి ఏర్పాటు చేసిన సంఘం ఈ యాత్రలను నిర్వహించింది. చార్లెస్ హోవార్డ్-బరీ నాయకత్వాన సాగిన 1921 యాత్ర లక్ష్యం శిఖరానికి దారి కనుగొనడం. హిమాలయాలలో ఎంతో అనుభవం గల అలెగ్జాండర్ కెల్లాస్ దారిలోనే అనారోగ్యంతో మరణించాడు. దానితో ఆరోహణ బాధ్యత ఎక్కువగా మల్లొరీ, గై బుల్లక్‌లపై పడింది.

ఎవరెస్ట్‌కు, దాని ఉత్తరాన ఉన్న చాంగ్‌ట్సే శిఖరానికి నడుమ సుమారు 7,000 మీటర్ల ఎత్తున ఒక కనుమ ఉంది. దీనికి నార్త్ కోల్ (ఉత్తర కనుమ) అని పేరు. టిబెటన్ భాషలో చాంగ్ లా అంటారు. ఉత్తరం నుండి శిఖరానికి దారి ఈ కనుమ మీదుగానే సాగుతుందని మల్లొరీ గుర్తించాడు. కనుమ పాదానికి చేర్చే తూర్పు రోంగ్‌బుక్ హిమానీనదం ముఖద్వారం మొదట ఇతని దృష్టికి రాలేదు. సర్వే ఆఫ్ ఇండియా తరఫున వచ్చిన ఎడ్వర్డ్ వీలర్ దానిని తన సర్వేలో కనుగొన్నాడు. వీలర్ తరువాతి కాలంలో భారత సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1921 సెప్టెంబరు 24న మల్లొరీ, బుల్లక్, వీలర్ కొందరు కూలీలతో కలసి ఉత్తర కనుమను చేరారు. తీవ్రమైన గాలుల వలన అక్కడి నుండి వెనుదిరిగారు.

1922 యాత్ర

రెండవ యాత్రకు జనరల్ చార్లెస్ బ్రూస్ నాయకుడు. మే 21న మల్లొరీ, హోవార్డ్ సోమర్వెల్, ఎడ్వర్డ్ నార్టన్ కృత్రిమ ఆక్సిజన్ లేకుండా సుమారు 8,225 మీటర్ల ఎత్తుకు చేరారు. అప్పటికి మానవుడు కాలినడకన చేరిన అత్యధిక ఎత్తు ఇదే. దిగి వచ్చేటపుడు ఒకే తాడుకు కట్టుకున్న ముగ్గురు సహచరులు జారిపోగా, మల్లొరీ మంచుగొడ్డలిని మంచులో దిగవేసి, తాడును దానికి చుట్టి వారిని ఆపగలిగాడు. మే 27న జార్జ్ ఫించ్, జెఫ్రీ బ్రూస్ ఆక్సిజన్ సహాయంతో సుమారు 8,320 మీటర్లు చేరి ఆ రికార్డును అధిగమించారు.

అప్పటికే సభ్యులలో పలువురు అలసట, మంచుకాటు వలన అస్వస్థులై ఉన్నారు. వర్షాకాలం సమీపించింది. ఎవరెస్ట్ ప్రాంతంలో వసంతకాలపు ఆరోహణకు అనువైన రోజులు ఋతుపవనాలు ప్రవేశించే వరకు మాత్రమే ఉంటాయి. ఆ తరువాత తేమగాలులు పర్వతంపై దట్టమైన మంచుగా కురుస్తాయి. అయినా మూడవ ప్రయత్నం చేయాలని నిర్ణయించారు. జూన్ 3న మల్లొరీ, సోమర్వెల్, ఫించ్, క్రాఫర్డ్, వేక్‌ఫీల్డ్ కూలీలతో బేస్ క్యాంపు నుండి బయలుదేరారు. మంచు స్వభావం తెలుసుకోవడంలో దిట్టగా పేరున్న ఫించ్ నీరసం వలన మొదటి శిబిరం నుండే వెనుదిరగవలసి వచ్చింది. జూన్ 4న మంచు విస్తారంగా కురిసింది. జూన్ 5న మిగిలినవారు సుమారు 6,400 మీటర్ల ఎత్తున గల మూడవ శిబిరం చేరారు. జూన్ 6న ఆకాశం తేటపడి ఎండ కాసింది. మంచు గట్టిపడటానికి ఆ ఒక్క రోజు వేచి ఉన్నారు.

జూన్ 7 దుర్ఘటన

జూన్ 7 ఉదయం సుమారు 8 గంటలకు మల్లొరీ, సోమర్వెల్, క్రాఫర్డ్, 14 మంది కూలీలు ఉత్తర కనుమ వైపు బయలుదేరారు. వేక్‌ఫీల్డ్ శిబిరంలో ఉండిపోయాడు. గాలి లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది. మోకాలి లోతుకు మించిన మంచులో దారి చేసుకుంటూ నెమ్మదిగా నడిచారు. మొదట్లో ఒక నిటారైన వాలుపై మంచును పరీక్షించారు. అది కదలకపోవడంతో పైన ఉన్న తక్కువ వాలు కూడా సురక్షితమేనని భావించారు.

మొదటి తాడుపై సోమర్వెల్, మల్లొరీ, ఒక కూలీ, క్రాఫర్డ్ ఉన్నారు. మిగిలిన 13 మంది కూలీలు మూడు తాళ్ళకు కట్టుకొని వెనుక వస్తున్నారు. మధ్యాహ్నం సుమారు 1:30 గంటలకు, కనుమకు దాదాపు 180 మీటర్ల దిగువన ఉండగా, పేలుడును పోలిన శబ్దం వినిపించింది. వెంటనే పైన మంచు పగిలి, వారు నిలిచిన వాలు మొత్తం కదిలింది. మొదటి తాడుపై ఉన్నవారు కొద్ది దూరం కొట్టుకుపోయి, మంచులోనుండి తమను తాము బయటకు లాక్కొన్నారు. రెండవ తాడుపై ఉన్న నలుగురు కూలీలు మరికొంత దిగువన సురక్షితంగా ఆగారు. వెనుక రెండు తాళ్ళపై ఉన్న తొమ్మిదిమంది మాత్రం సుమారు 12 నుండి 18 మీటర్ల ఎత్తైన మంచుగోడ మీద నుండి కింది పగులులోకి పడిపోయారు. వారి మీద మంచు వచ్చి పడింది.

మల్లొరీ, సహచరులు దిగివెళ్ళి చేతులతోను, మంచుగొడ్డళ్ళతోను తవ్వారు. ఇద్దరిని ప్రాణాలతో వెలికితీయగలిగారు. వీరిలో ఒకడు చాలాసేపు మంచులో కూరుకుపోయి కూడా బతికాడు. మిగిలిన ఏడుగురు మరణించారు. ఒకరి దేహం దొరకలేదు. తోటి కూలీల కోరిక మేరకు మృతులను ఆ పగులులోనే ఉంచారు. వారి స్మారకంగా మూడవ శిబిరం వద్ద రాళ్ళ గుట్ట నిర్మించారు. యాత్ర అంతటితో ముగిసింది.

ప్రమాద కారణాలు

ఈ దుర్ఘటనలో ఎక్కడా అసాధారణమైన ప్రకృతి వైపరీత్యం లేదు. తుఫాను తరువాత మంచు వాలులపై ఎప్పుడూ జరిగేదే ఇక్కడా జరిగింది. నేటి పరిజ్ఞానం ప్రకారం దీనిని ఈ విధంగా వివరించవచ్చు.

మంచు ఒక్కసారిగా కాక పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఎండకు కరిగి, చలికి గడ్డకట్టిన పాత పొర నున్నగా, గట్టిగా ఉంటుంది. దాని మీద తుఫాను తెచ్చిన కొత్త మంచు పడితే, ఆ రెంటి మధ్య పట్టు ఏర్పడటానికి సమయం కావాలి. ఈలోగా పై పొర తనలో తాను అతుక్కొని పలకవలె తయారవుతుంది. గాలి మంచును ఎగరవేసి ఒకచోట పోగుచేస్తే ఈ పలక మరింత మందంగా మారుతుంది. పలక కింద ఉన్న బలహీనమైన పొర మనుషుల బరువుకు ఒక్కచోట విరిగినా, ఆ పగులు క్షణాలలో వాలు అంతటా పాకుతుంది. అపుడు పలక మొత్తం ఒక్కసారిగా జారుతుంది. ఇటువంటి చరియలు సాధారణంగా 30 నుండి 45 డిగ్రీల వాలులపై విరిగిపడతాయి. మంచు కురిసిన తరువాతి మొదటి ఒకటి రెండు రోజులు అత్యంత ప్రమాదకరమైనవి. ప్రాణాలు తీసే మంచుచరియలలో దాదాపు పదింట తొమ్మిది బాధితులే లేదా వారి జట్టులోనివారే కదిలించినవి.

దీనిని బట్టి 1922 నాటి నిర్ణయంలోని లోపాలు స్పష్టమవుతాయి. ఒకరోజు ఎండ మంచు ఉపరితలాన్ని గట్టిపరచవచ్చు గాని, లోపలి బలహీనమైన పొర బాగుపడిందని దాని అర్థం కాదు. ఒకచోట వాలు నిలిచినంత మాత్రాన మరొకచోట నిలుస్తుందని చెప్పలేము. నిర్మలమైన ఆకాశం వాతావరణం బాగుపడిందనడానికి గుర్తే తప్ప, మంచు కుదుటపడిందనడానికి గుర్తు కాదు. పదిహేడుమంది ఒకరి వెనుక ఒకరుగా ఒకే వాలుపై ఉండటం వలన నష్టం పెరిగింది. నేటి ఆరోహకులు అనుమానం ఉన్న వాలును ఒక్కొక్కరుగా దాటుతారు.

అయితే ఆనాటికి మంచు శాస్త్రం బాల్యదశలో ఉన్నదని గమనించాలి. గెరాల్డ్ సెలిగ్మన్ మంచు నిర్మాణంపై రచించిన ప్రసిద్ధ గ్రంథం 1936లో వెలువడింది. స్విట్జర్లాండులోని దావోస్ వద్ద క్రమబద్ధమైన పరిశోధనలు కూడా 1930లలోనే మొదలయ్యాయి. ఐదు అంచెల ప్రమాద సూచిక ఐరోపా దేశాలన్నిటికీ ఉమ్మడిగా అమలులోకి వచ్చింది 1993లో. భారతదేశంలో ఇటువంటి అధ్యయనం కొరకు 1969లో మనాలిలో ఒక సంస్థ ఏర్పడింది. అది 2020లో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన మరొక విభాగంతో కలసిపోయింది.

బాధ్యత, విమర్శలు

ఈ మరణాలు మల్లొరీని తీవ్రంగా కలచివేశాయి. భార్యకు, మిత్రులకు రాసిన లేఖలలో ఇతడు తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. మంచు గురించి తనకు తెలిసినది చాలలేదని, తమను నమ్మి వచ్చినవారిని కాపాడవలసిన బాధ్యత తమదేనని భావించాడు. సోమర్వెల్ సైతం ఆంగ్లేయులలో ఒక్కరైనా ఆ మృతులలో ఉండి ఉంటే కూలీలతో కష్టం పంచుకున్నట్లు ఉండేదని తన స్వీయచరిత్రలో బాధపడ్డాడు.

యాత్రలో వైద్యుడుగా పాల్గొని ముందే తిరిగి వెళ్ళిన టామ్ లాంగ్‌స్టాఫ్, హిమాలయాలలో కొత్త మంచు పడిన వెంటనే అటువంటి వాలు ఎక్కబోవడం తెలివితక్కువ పని అని ఒక వ్యక్తిగత లేఖలో విమర్శించాడు. వేచి చూస్తే వర్షాకాలం ముదిరి అవకాశమే పోతుందన్న ఆత్రుత ఆ నిర్ణయం వెనుక ఉన్నదని చరిత్రకారులు భావిస్తారు. మరణించినవారిలో అందరూ కూలీలే కావడం గమనార్హం. వాలు ఎక్కాలా వద్దా అనే చర్చలో వారికి పాత్ర లేదు. మంచుపై ఆంగ్లేయుల అంచనాను నమ్మి వారు వెంట నడిచారు.

1924: అదే వాలుపై మరొకసారి

1923లో మల్లొరీ అమెరికాలో ఉపన్యాస యాత్ర చేశాడు. ఎవరెస్ట్‌ను ఎందుకు ఎక్కాలన్న ప్రశ్నకు, ఆ పర్వతం ఉండటమే అందుకు కారణమనే అర్థంలో ఇతడు ఇచ్చినట్లు చెప్పే సమాధానం ఆ సందర్భంలోనే పత్రికలలో వచ్చింది. అదే ఏడాది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో వయోజనులకు బోధించే ఉద్యోగం లభించింది. కుటుంబాన్ని వదలి మళ్ళీ వెళ్ళడానికి కొంతకాలం సందేహించినా, చివరకు మూడవ యాత్రకు అంగీకరించాడు.

1924 యాత్రలో జనరల్ బ్రూస్ మలేరియా వలన వెనుదిరగగా నార్టన్ నాయకత్వం చేపట్టాడు. మే 21న ఉత్తర కనుమపై నాల్గవ శిబిరానికి కూలీలు చేరారు. వెంటనే మంచు తుఫాను మొదలైంది. మే 23న జాన్ హజార్డ్ ఎనిమిదిమంది కూలీలతో కిందికి దిగి వచ్చాడు. ప్రమాదకరమైన వాలు దాటడానికి భయపడి నలుగురు కూలీలు పైనే ఉండిపోయారు. వారిలో మంచుకాటుకు గురైనవారు కూడా ఉన్నారు. 

ఏడుగురు మరణించిన 1922 నాటి పరిస్థితే తిరిగి ఎదురైంది. అదే కనుమ, అదే రకమైన కొత్త మంచు. ఈసారి పైకి వెళ్ళడం శిఖరం కొరకు కాదు, నలుగురి ప్రాణాల కొరకు. మే 24న నార్టన్, మల్లొరీ, సోమర్వెల్ బయలుదేరారు. ముగ్గురూ దగ్గుతోను, అలసటతోను బాధపడుతున్నవారే. సాయంత్రానికి కూలీలు కనిపించే చోటికి చేరారు. మధ్యలో ఉన్న వాలు ఏ క్షణమైనా జారిపోయేలా ఉంది. సోమర్వెల్ తాడు కట్టుకొని ఒక్కడే వాలును అడ్డంగా దాటాడు. తాడు రెండవ కొనను నార్టన్, మల్లొరీ పట్టుకున్నారు. తాడు కొన్ని మీటర్లు చాలలేదు. ఆ కొద్ది దూరం కూలీలే నడిచి రావలసి వచ్చింది. మొదటి ఇద్దరు క్షేమంగా వచ్చారు. తరువాతి ఇద్దరు జారిపోయి, అదృష్టవశాత్తు కొంత దిగువన ఆగారు. సోమర్వెల్ తన నడుముకున్న తాడును విప్పి, దాని పొడవు పెంచుకొని, ఒక చేత్తో దానిని పట్టుకొని దిగి వారిద్దరిని చేజిక్కించుకున్నాడు. చీకటి పడిన తరువాత అందరూ మూడవ శిబిరానికి చేరుకున్నారు.

ఈ రక్షణ చర్య వలన ముగ్గురి శక్తి ఎంతో క్షీణించింది. శిఖరానికి చేరే అవకాశం దీనివలన తగ్గిందని తెలిసికూడా వారు దీనికి పూనుకున్నారు. 

చివరి ప్రయత్నం

జూన్ 4న నార్టన్ ఆక్సిజన్ లేకుండా 8,573 మీటర్ల ఎత్తుకు చేరాడు. జూన్ 6న మల్లొరీ, 22 ఏళ్ళ ఇర్విన్ ఆక్సిజన్ పరికరాలతో ఉత్తర కనుమ నుండి బయలుదేరారు. జూన్ 8 మధ్యాహ్నం 12:50 గంటలకు నోయల్ ఓడెల్ మేఘాలు విడిపోయిన క్షణంలో శిఖర రేఖపై కదులుతున్న ఇద్దరిని చూశాడు. ఆ తరువాత వారిని ఎవరూ చూడలేదు. 1924 అక్టోబరు 17న లండన్‌లోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో వీరి స్మారక ప్రార్థన జరిగింది.

1999 మే 1న కాన్రాడ్ ఆంకర్ మల్లొరీ దేహాన్ని సుమారు 8,155 మీటర్ల ఎత్తున కనుగొన్నాడు. కాలు విరిగి ఉండటం, నడుము వద్ద తాడు ఒరిపిడి గుర్తులు ఉండటం బట్టి ఇతడు జారిపడి మరణించాడని భావిస్తున్నారు. 2024లో మధ్య రోంగ్‌బుక్ హిమానీనదంపై ఇర్విన్‌కు చెందినవని గుర్తించిన బూటు, పాదం లభించాయి.

విశేషాలు

* 1924లో జరిగిన తొలి శీతాకాల ఒలింపిక్స్‌లో 1922 ఎవరెస్ట్ యాత్ర సభ్యులకు పర్వతారోహణ పతకాలు ఇచ్చారు. మంచుచరియలో మరణించిన ఏడుగురు కూలీలకు కూడా ఈ గౌరవం దక్కింది. వాటిలో ఒక పతకాన్ని 2012లో కెంటన్ కూల్ శిఖరంపైకి తీసుకువెళ్ళాడు.
* సోమర్వెల్ వృత్తిరీత్యా శస్త్రచికిత్స నిపుణుడు. 1922 యాత్ర తరువాత దక్షిణ భారతదేశాన్ని సందర్శించి, తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరు (నేటి తమిళనాడు) ఆసుపత్రిలో చాలా సంవత్సరాలు సేవ చేశాడు.
* ఉత్తర మార్గం గుండా మొదటి ఆరోహణను 1960 మే 25న చైనా జట్టు సాధించినట్లు ప్రకటించింది.
* నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఉత్తర కనుమ మీదుగా సాగే ఈ టిబెట్ మార్గంలోనే ఎవరెస్ట్ శిఖరాన్ని చేరారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. అంతకు కొద్ది వారాల ముందు, ఏప్రిల్ 18న, నేపాల్ వైపున ఖుంబూ హిమపాత ప్రాంతంలో మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ సిబ్బంది మరణించారు. 1922 నాటి వలెనే ఇక్కడ కూడా మృతులందరూ ఇతరుల ఆరోహణ కొరకు పనిచేస్తున్నవారే.